నచ్చని నాయకుడి పేరు ప్రార్థనలో వస్తే ఆమేన్ అనాలా?

ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. ప్రతి ఆదివారం వాళ్ల పాస్టరు అయ్యగారు ఒక నాయకుడి పేరు ఎత్తి ప్రార్థన చేస్తారట. ఆ నాయకుడి నిర్ణయాల వల్ల తమ కుటుంబం నష్టపోయిందని, ఆయన మాటా నడతా వాక్యానికి విరుద్ధమని ఈ సోదరుడి నమ్మకం. పేరు వినగానే నోరు మూసుకుపోతుంది, ఆమేన్ రాదు. మొన్న కోపంలో బైబిల్లోని 109వ కీర్తన 8వ వచనాన్ని, అంటే ఒకడి ఆయుష్షు తగ్గాలని కోరే మాటని, వాట్సాప్ స్టేటస్‌గా పెడితే, అక్క చూసి తప్పని చెప్పిందట. "మనసులో లేకుండా పైకి ప్రార్థిస్తే కపటం కాదా? అలాగని మౌనంగా ఉంటే అవిధేయత కాదా?" అని అడుగుతున్నారు.

బ్రదర్, వందనాలు. నేను 1994 నుంచి గుంటూరు జిల్లా పల్లెల్లో సంఘ కాపరిగా ఉన్నాను. నాకు నచ్చిన ప్రభుత్వాలూ వచ్చాయి, నచ్చనివీ వచ్చాయి. ముందు మీ ప్రశ్నకి సూటిగా జవాబు చెబుతాను.

ఆయన కోసం ప్రార్థించండి, పేరు పెట్టి ప్రార్థించండి. ఆయన చేసింది ఒప్పని మాత్రం చెప్పాల్సిన అవసరం లేదు. ఒక మనిషి కోసం దేవుణ్ణి అడగడం వేరు, ఆ మనిషికి మద్దతు ఇవ్వడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మీ నోరు మూసుకుపోతోంది. ఆ స్టేటస్ మాత్రం తీసేయండి. మీ అక్క చెప్పింది నిజం.

ఇక కారణాలు. అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం మీకు తెలుసు. "రాజులకొరకును అధికారులందరికొరకును విజ్ఞాపనములును ప్రార్థనలును యాచనలును కృతజ్ఞతాస్తుతులును చేయవలెను" అని ఉంది. మంచి రాజులకొరకు అని లేదు. సంఘం మొదటి నుంచీ చెప్పుకుంటూ వస్తున్న ప్రకారం ఆ రోజుల్లో రోమును ఏలుతున్నది నీరో. క్రీ.శ. 54 నుంచి 68 దాకా ఏలాడు. 64లో రోము తగలబడితే ఆ నింద క్రైస్తవుల మీద వేసి చంపించాడు. పౌలు కూడా అతని కాలంలోనే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడని సంఘం నమ్ముతుంది. అలాంటి రాజు ఉన్న రోజుల్లో రాసిన మాట అది. మనకి ఎంత నచ్చని నాయకుడైనా ఆ మాట పరిధిలోకి వస్తాడు.

ఆదిమ సంఘం దీన్ని ఎలా అర్థం చేసుకుందో చూడండి. చక్రవర్తి విగ్రహం ముందు చిటికెడు సాంబ్రాణి వేస్తే ప్రాణం దక్కుతుంది. వాళ్లు వేయలేదు. కానీ 197లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నుంచి తెర్తుల్లియను అనే క్రైస్తవుడు రోమా అధికారులకు ఏమని రాశాడో తెలుసా? మేము మీ చక్రవర్తికి దీర్ఘాయువు, ఆయన ఇంటికి క్షేమం, ఆయన సేనలకు ధైర్యం, నమ్మకమైన సెనేటు ఇవ్వమని మా దేవుణ్ణి అడుగుతున్నాం అని. అంటే చక్రవర్తికి మొక్కడానికి వాళ్లు ఒప్పుకోలేదు, చక్రవర్తి కోసం మొక్కడం మానలేదు. స్ముర్నలో ముసలి బిషప్పు పోలికార్పును పట్టుకెళ్లడానికి వచ్చినవాళ్లకి ఆయన భోజనం పెట్టించి, ప్రార్థనకి ఒక గంట గడువు అడిగాడు. ఆ తర్వాత కైసరు, అంటే రోమా చక్రవర్తి, పేరు మీద ప్రమాణం చేయనని చెప్పి మంటల్లోకి వెళ్లాడు. మీరు ఇందులో కపటం వెతికినా దొరకదు. ప్రార్థన చేసిన నోటితోనే "చేయను" అని కూడా అన్నారు.

ఇప్పుడు 109వ కీర్తన. "వాని జీవితదినములు కొద్దివగును గాక వాని ఉద్యోగమును వేరొకడు తీసికొనును గాక" అనే వచనం ఎన్నికల రోజుల్లో చాలా ఫోన్లలో తిరుగుతుంది. దాని కింది వచనం ఎవరూ పంపరు. వాడి బిడ్డలు తండ్రిలేనివాళ్లు కావాలి, భార్య విధవరాలు కావాలి అని ఉంది అందులో. మీరు ఆ నాయకుడి పిల్లల గురించి నిజంగా అలా కోరుకుంటున్నారా? కోరుకోరని నాకు తెలుసు. ఆ కీర్తనలో దావీదు ఆ మాటలు దేవుడి చెవిలో అన్నాడు, పగ తన చేతుల్లోంచి తీసి దేవుడి చేతుల్లో పెట్టాడు. మనం దాన్ని స్టేటస్‌గా పెడితే అది చేరేది చుట్టాలకీ స్నేహితులకీ. అదే కీర్తన 4వ వచనం చూడండి. నా ప్రేమకు బదులు వాళ్లు పగపట్టారు, అయినా నేను మానక ప్రార్థన చేస్తున్నాను అంటాడు. స్టేటస్ పెట్టేటప్పుడు ఈ వచనం ఎవరికీ గుర్తు రాదు.

గుండె మండుతున్నప్పుడు ఆ కీర్తన చదవొద్దని నేను చెప్పడం లేదు. తలుపు వేసుకుని చదవండి. కన్నీళ్లతో చదవండి. అందుకే అది బైబిల్లో ఉంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల క్రితం మా సమాధుల తోటకి వెళ్లే బాటకి అడ్డంగా, ఊళ్లో పలుకుబడి ఉన్న నాయకుడు ఒకరు ముళ్లకంచె వేయించారు. వానాకాలం. మా సంఘంలో ఒక తల్లి చనిపోతే, పెట్టెను పొలం గట్ల మీదుగా, మోకాళ్ల లోతు బురదలో మోశాం. ఒకచోట కాలు జారి పెట్టె మూల బురదలో దిగింది. ఆమె కొడుకు భుజం మీద కండువా తీసి, ఏమీ మాట్లాడకుండా ఆ మూలంతా తుడిచాడు. మేమంతా పెట్టెను అలాగే పట్టుకుని నిలబడ్డాం. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆ ఆదివారం నేను పుల్పిట్ మీద ఇలా ప్రార్థించాను: "ప్రభువా, చచ్చినవాళ్లకి కూడా దారి ఇవ్వని గర్విష్ఠుల చెయ్యి విరగ్గొట్టు, వాళ్లకి నువ్వే బుద్ధి చెప్పు." మా మందిరం మైకు బయటికి ఉంటుంది. ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. సంఘమంతా ఎన్నడూ లేనంత గట్టిగా ఆమేన్ అన్నది. నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన, రైతుకూలీ, పెద్దగా చదువుకోలేదు, నన్ను పక్కకి పిలిచి అడిగాడు: "అయ్యగారూ, ఇవాళ ప్రార్థన దేవుడికి చేశారా, ఆయనకి వినిపించాలని చేశారా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మోకరించి ఆయన కోసం నిజంగా ప్రార్థించాలని చూశాను. ఐదు నిమిషాలు గడిచినా ఒక్క మాట రాలేదు. ఆయన గురించి నాకు తెలిసింది పేరు, పార్టీ, కంచె. అంతే. ఆయనకి ఎంతమంది పిల్లలో, ఇంట్లో ఏం బాధ ఉందో తెలియదు. చివరికి "ప్రభువా, నాకు ఆయనంటే కోపం, ఆయన కోసం ఏమి అడగాలో నాకు తెలియడం లేదు" అన్నాను. మొదటి నిజమైన ప్రార్థన అదే. కపటం గురించి అడిగారు కదా, మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కోపం లేనట్టు నటిస్తే కపటం. కోపాన్ని దేవుడి ముందు పెట్టి, ఆ మనిషి పేరు కూడా పెడితే అందులో కపటం ఎక్కడుంది?

తర్వాత వచ్చిన శ్రమల కాలం, అంటే ఈస్టరుకి ముందు ఉపవాస దినాలు, నలభై రోజులూ ఆయన కోసం ప్రార్థించాను. ఆయన మారలేదు. మారింది ఏమిటంటే, కలెక్టరు గారికి నేను రాసిపెట్టుకున్న అర్జీ. మొదటి చిత్తులో సగం ఆయన మీద తిట్లే. దాన్ని చింపేసి మళ్లీ రాశాను. సర్వే నంబరు, పాత పటం, ఆ బాట వాడుకునే కుటుంబాల లెక్క, పెట్టె బురదలో దిగిన తేదీ, ఇవి మాత్రమే పెట్టాను. సర్వే జరిగి, కంచె తీసేసరికి రెండేళ్లు పట్టింది. ఆయన చివరిదాకా మాకు వ్యతిరేకమే. ఎదురుపడితే నమస్కారం పెడతాను, కొన్నిసార్లు అందుకుంటారు, కొన్నిసార్లు ముఖం తిప్పుకుంటారు. ప్రార్థిస్తే శత్రువు వచ్చి కాళ్ల మీద పడతాడని సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఉంటారు. అలా జరగవచ్చు, నాకు జరగలేదు. జరగకపోయినా ఆ నలభై రోజులు వృథా అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

దీనమనసు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. దీనమనసు అంటే గొంతు తగ్గించుకోవడం, అధికారి ముందు చేతులు కట్టుకు నిలబడటం అనుకుంటారు. దానియేలు నాలుగో అధ్యాయం తీసి చదవండి. నెబుకద్నెజరు ఎవరు? బబులోను రాజు. క్రీ.పూ. 586లో యెరూషలేమును కూల్చి, దేవాలయాన్ని తగలబెట్టించినవాడు. యూదుడైన దానియేలును కుర్రవాడిగా ఉన్నప్పుడే చెరపట్టి తెచ్చి, పేరు కూడా మార్చేసిన రాజ్యం అది. ఆ రాజుకి ఒక కల వచ్చింది. దాని అర్థం, రాజు పిచ్చివాడై పశువుల మధ్య గడ్డి మేస్తాడని. మనమైతే ఏమనుకుంటాం? తగిన శాస్తి అనుకుంటాం. దానియేలు గంటసేపు నోటమాట రాక కలవరపడ్డాడు. తర్వాత, ఈ కల నీ పగవాళ్లకి రావాలి గానీ నీకు రావడమేమిటి రాజా అన్నాడు. అది పొగడ్త కాదు, నిజమైన బాధ.

కానీ అక్కడితో ఆగలేదు. కల భావం ఒక్క అక్షరం దాచకుండా చెప్పాడు. చెప్పి, రాజా, నీ పాపాలు మానుకో, నువ్వు బాధపెట్టినవాళ్ల మీద కరుణ చూపించు అన్నాడు. ఎవరి ముందు? ఒక్క మాటతో తల తీయించగల మనిషి ముందు. బాధపడ్డ మనసుతోనే బాధించేవాడికి నిజం చెప్పాడు. నాకు బైబిల్ మొత్తంలో ఈ విషయానికి ఇంతకంటే మంచి మాదిరి కనబడదు. ఆ బాధ లేకుండా నిజం చెబితే అందులో గర్వం దూరుతుంది, నిజం చెప్పకుండా బాధ మాత్రమే పడితే పాలకుడికి మన వల్ల ఏ మేలూ జరగదు.

పౌలు సంగతి కూడా చూడండి. ధర్మశాస్త్రానికి విరుద్ధంగా తనని కొట్టమన్న ప్రధానయాజకుణ్ణి "సున్నము కొట్టిన గోడా" అన్నాడు, అంటే పైకి తెల్లగా కనబడే కపటి అని. ఆయన ప్రధానయాజకుడని పక్కవాళ్లు చెప్పగానే, నీ ప్రజల అధికారిని నిందించకూడదని రాసి ఉంది కదా అని వాక్యం గుర్తు చేసుకుని తగ్గాడు. జరిగిన అన్యాయాన్ని మాత్రం న్యాయం అనలేదు. వెనక్కి తీసుకున్నది ఆ ఒక్క మాటనే.

మనలో తగ్గించుకోవలసింది ఇంకోటి ఉంది. యేసు చెప్పిన ఉపమానం ఒకటుంది, దేవాలయంలో భక్తిపరుడైన పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి ప్రార్థించడం గురించి. అందులో పరిసయ్యుడు సుంకరి కోసం ప్రార్థించలేదు, సుంకరి గురించి ప్రార్థించాడు. నాయకుల విషయంలో మనం చేసేది చాలాసార్లు అదే. అధికారం చేతికొస్తే మనం బాగుండేవాళ్లమనే నమ్మకం నాకు పోయింది. నేను చూసిన ఒక సంఘంలో కోశాధికారి పదవి కోసం రెండు కుటుంబాలు మూడేళ్లు మాట్లాడుకోలేదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) దగ్గరికి ఒకరు వస్తే ఇంకొకరు రారు. కొన్ని వేల రూపాయలుండే చందా పెట్టె తాళం కోసం మనం ఇంతగా పాడైతే, లక్షల కోట్ల బడ్జెట్ చేతిలో ఉన్న మనిషికి ఎంత శోధన ఉంటుందో ఆలోచించండి. ఈ ఆలోచన ఆయన తప్పును తీసేయదు గానీ, ఆయన కోసం అడగడానికి నాకు మాటలు ఇస్తుంది.

ప్రార్థించాం కాబట్టి పోరాడకూడదా? పోరాడాలి. ఇది మా సంఘం బతుకుతున్న విషయమే కాబట్టి చెబుతున్నాను. మా సంఘంలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు నేటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకి బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది, అంతే. మతం మారినంత మాత్రాన చెరువు గట్టు మీద, టీ కొట్టు దగ్గర కులం మారదని మా వాళ్లకి బాగా తెలుసు. 2022లో కేంద్రం ఈ సంగతి పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది, 2023 మార్చిలో దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఈ డెబ్బై ఏళ్లు దాటిన కాలంలో ఢిల్లీలో అన్ని రంగుల ప్రభుత్వాలూ వచ్చి వెళ్లాయి.

దేశమంతటా దళిత క్రైస్తవులు ఆగస్టు 10ని నల్లదినంగా పాటిస్తారు. మేమూ నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ధర్నాకి వెళ్తాం. తర్వాతి ఆదివారం రాష్ట్రపతి కోసం, ప్రధానమంత్రి కోసం, ముఖ్యమంత్రి కోసం ఎప్పటిలాగే ప్రార్థిస్తాం. ఒక ఏడు కాలేజీ కుర్రాడొకడు నన్ను అడిగాడు, "మొన్న నినాదాలు, ఇవాళ ఆశీర్వాదాలు, ఏది నిజం అయ్యగారూ?" అని. రెండూ నిజమే బాబూ అన్నాను. తండ్రి తాగుబోతు అయితే కొడుకు సీసా లాక్కుంటాడు, రాత్రి ఆ తండ్రి కోసమే ఏడుస్తాడు. ఏది నిజం?

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. ఒకసారి ఆమె పింఛను ఆగిపోయింది. కాగితాల్లో వయసు తప్పు పడిందన్నారు. దానికి కారణం ఎవరని ఆమె నమ్మిందో ఆ నాయకుడి పేరు శుక్రవారం ఉపవాస కూటంలో ఎత్తి ప్రార్థించేది. నేను చెవులారా విన్నాను: "అయ్యా తండ్రీ, ఆయనకి షుగరంట, కాళ్లు మంటలెత్తుతాయంట, నాకూ ఉంది కదా, ఆ బాధ నాకు తెలుసు. ఆయన కాళ్లు చల్లగా ఉంచయ్యా. నా పింఛను సంగతి కూడా ఆయన చెవిలో వెయ్యి." సోమవారం తెల్లవారగానే ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, బస్సెక్కి గ్రీవెన్స్‌కి వెళ్లేది. అర్జీ రశీదును బైబిల్లో దాచుకునేది. చదువు రాదు కాబట్టి ఏ పేజీలో పెట్టిందో ఆమెకి తెలియదు. నాలుగు సోమవారాలు వెళ్లింది. ఐదో నెలలో పింఛను వచ్చింది. దీనమనసు గురించి నేను చేసిన ప్రసంగాలన్నీ ఆ ఒక్క ప్రార్థనకి సరితూగవు.

ఇక జాగ్రత్తలు. మీ అయ్యగారు చేసేది ప్రార్థనేనా అన్నది మీరు చూసుకోవాలి. "ఆయనకి జ్ఞానం ఇవ్వు, న్యాయం చేసే మనసు ఇవ్వు" అంటే అది ప్రార్థన, నిండు మనసుతో ఆమేన్ అనొచ్చు. "ఆయన్ని మళ్లీ గెలిపించు, ఎదుటివాళ్లని ఓడించు" అంటే అది ప్రచారం. దానికి ఆమేన్ అనకపోతే పాపం కాదు. ఎన్నికలప్పుడు అభ్యర్థి మందిరానికి రావడం, పుల్పిట్ పక్కన కుర్చీ వేయడం, శాలువా కప్పడం, తల మీద చేతులు పెట్టడం మనకి మామూలైపోయింది. నేనూ ఒకసారి కుర్చీ వేయించాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక కుటుంబం, వేరే పార్టీవాళ్లు, లేచి వెళ్లిపోయారు. తిరిగి మందిరానికి రావడానికి వాళ్లకి ఏడాది పట్టింది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా అందరితో పాటు బెంచీలోనే కూర్చోమంటాను. అధికారంలో ఉన్నవాళ్ల కోసం చేసే ప్రార్థనే ప్రతిపక్షంలో ఉన్నవాళ్ల కోసమూ చేస్తాను. ప్రభుత్వం పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం ఇచ్చినప్పుడు కూడా మా పెద్దలకి ఇదే చెప్పాను. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా ప్రార్థన మాటలు మారకూడదు.

అధికారులకు లోబడమని చెప్పే రోమా పత్రిక 13వ అధ్యాయం చూపించి "అధికారిని ప్రశ్నించకూడదు" అని ఎవరైనా నోరు మూయిస్తే ఒప్పుకోకండి. మనుష్యులకు కాదు దేవునికే లోబడాలి అని యేసు శిష్యులైన అపొస్తలులు సభలో నిలబడి చెప్పిన మాట కూడా అదే బైబిల్లో ఉంది. నాబోతును చంపించి అతని ద్రాక్షతోట కాజేసిన విషయంలో ఏలీయా ప్రవక్త వెళ్లి అహాబు రాజు ముఖం మీదే తప్పని చెప్పాడు. అయినా ఆ అహాబు గోనెపట్ట కట్టుకుని తగ్గించుకుంటే దేవుడు దాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. మీరు తీసిపారేసిన మనిషిలో కూడా అలాంటి రోజు రావచ్చు, దానికి చోటు ఉంచండి.

మీరు ఏమని ప్రార్థించాలో తెలియక ఆగిపోయారు కాబట్టి, నేను ఇంట్లో వాడే మాటలు ఇస్తున్నాను. "ప్రభువా, ఫలానా వారికి ఆరోగ్యం ఇవ్వు, ఇంట్లో సమాధానం ఇవ్వు. ఆయన పక్కన నిజం చెప్పేవాళ్లని ఉంచు, మెప్పు కోసం మాట్లాడేవాళ్లని దూరం చెయ్యి. ఫలానా నిర్ణయం మా నోటికాడ కూడు తీసింది, అది ఆయన కళ్లకి కనబడేలా చెయ్యి. ఆయన చేసిన ఈ ఒక్క మంచి పనికి నీకు స్తోత్రం. నేను పొరబడుతున్నది ఏదైనా ఉంటే నాకు చూపించు." ఆ స్తోత్రం దగ్గర చాలా రోజులు ఆగిపోతారు. నేనూ ఆగాను. ఒక రోడ్డో, ఒక హాస్టలో, ఒక బోరుబావో వెతికితే దొరుకుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి. ఆయన కోసం ప్రార్థించిన రోజు ఆయన మీద వచ్చిన ఎగతాళి వీడియో ఎవరికీ పంపకండి. ఒక్క నెల ఇలా చేసి చూడండి. ఓటు మాత్రం మీ మనస్సాక్షి చెప్పినట్టే వేయండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

మీ కుటుంబానికి జరిగిన నష్టం ఏమిటో మీరు రాయలేదు. భూమిదా, ఉద్యోగానిదా, బిల్లులు ఆగిపోయాయా? తేదీలు, కాగితాలు ఏమున్నాయో రాయండి. అర్జీ రాయడంలో నాకు కొంత అనుభవం ఉంది, సాయం చేస్తాను. ఈ శుక్రవారం మా ఉపవాస కూటంలో మీ ఇంటివాళ్ల కోసం, ఆ నాయకుడి కోసం కలిపి ప్రార్థిస్తాం. మా కూటం ఉదయం 10 గంటలకి మొదలవుతుంది, ఆ వేళకి మీరు ఎక్కడున్నా మాతో కలవండి.